డార్ట్‌మూర్‌లో శరత్కాలపు నడకలు: ఈ ఏటి తేదీలు, సందేహాలు, తగవులు

రాతిగుట్ట | సెప్టెంబరు 14, ఆదివారం, రాత్రి 9.10

ఇంగ్లండు నైరుతిలో, డెవన్‌లో ఉన్న మన డార్ట్‌మూర్ మీద నడకల సంగతి ఫోన్లలో ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. సెప్టెంబరు 27 శనివారం పగలు హేటోర్ రాతికొండ దగ్గర మొదలుపెడదాం. పాత రాతిపట్టాల వెంట ఎనిమిది కిలోమీటర్లు, పిల్లలు కూడా రావచ్చు. అక్టోబరు 11 శనివారం పగలు గ్రిమ్స్‌పౌండ్ అనే పాత రాతిఇళ్ల చోటు, హుక్నీ టోర్ కొండ, అక్కడి నుంచి వారెన్ హౌస్ ఇన్ అనే సత్రానికి వెళ్లి వేడిగా ఏదైనా తాగి వెనక్కి. ఇది పన్నెండు కిలోమీటర్లు, మోకాళ్లకు పరీక్షే. అక్టోబరు 18 శనివారం రాత్రి మళ్లీ హేటోరే, ఈసారి చీకట్లో. దీపావళికి రెండు రోజుల ముందు కాబట్టి చంద్రుడు ఉండడు. నవంబరు 5 బుధవారం కార్తిక పౌర్ణమి రాత్రి నడక. నవంబరు 9 ఆదివారం వనభోజనం, ఆ రోజు నడక నామమాత్రం, తిండే ప్రధానం.

చీలమండను పట్టి ఉంచే బూట్లు వేసుకోండి. జీన్సు వద్దు, తడిస్తే సాయంత్రం దాకా ఆరదు. గొడుగు అసలే వద్దు. పోయినేడు ఒకాయన గొడుగు కొండ మీద తలకిందులై, చివరికి ఆయనే దాని వెంట పరుగెత్తాడు.

కందిపొడి | సెప్టెంబరు 14, రాత్రి 9.32

నేను అన్నింటికీ వస్తాను. 11న నైట్ డ్యూటీ దిగి నేరుగా వస్తాను కాబట్టి మాటల్లో ఎవరిమీదైనా విరుచుకుపడితే పట్టించుకోకండి. పులిహోర నాది.

కొత్తబూట్లు | సెప్టెంబరు 15, ఉదయం 7.48

అందరికీ నమస్కారం. ఆగస్టులోనే ఎక్సెటర్ వచ్చాను, మాది నెల్లూరు వైపు. అడగడానికి కొంచెం సిగ్గుగా ఉంది, మూర్ అంటే ఏమిటి? అడవా, కొండా? ఫొటోల్లో చెట్లు కనబడవు, పొలాలూ కనబడవు. ఖాళీగా ఉంది. ఖాళీని చూడటానికి ఇంతమంది వెళ్తారా?

దిక్సూచి | సెప్టెంబరు 15, ఉదయం 8.20

మంచి ప్రశ్న, సిగ్గెందుకు. ఎత్తయిన చోట, పుల్లటి నేల మీద, ఎప్పుడూ వానా గాలీ కొట్టే బయలు. కింద నల్లరాయి కాదు, గ్రానైట్. నీరు దిగక నిలిచిపోయిన చోటల్లా నాచు చచ్చి, కుళ్లీ కుళ్లక, వేల ఏళ్లుగా పేరుకుని పీట్ అనే నల్లమట్టి అయింది. మూర్ నడుమ ఉన్న ప్రిన్స్‌టౌన్ అనే ఊళ్లో ఏటా సుమారు 2000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నెల్లూరు వారికి అది ఎంతో ఊహకు వదిలేస్తున్నాను. మొత్తం జాతీయ ఉద్యానం 954 చదరపు కిలోమీటర్లు, 1951లో ప్రకటించారు. కొండకొమ్మున రాళ్లు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు నిలబడి ఉంటాయే, వాటిని టోర్ అంటారు. ఎవరూ పేర్చలేదు.

పిల్లలతల్లి | సెప్టెంబరు 15, మధ్యాహ్నం 1.05

మా పాప అడిగింది, తెలుగులో మూర్‌ను ఏమనాలని. "బీడు" అన్నాను. తప్పా?

రాతిగుట్ట | సెప్టెంబరు 15, మధ్యాహ్నం 1.40

బీడు అంటే సాగు మానేసిన నేల. ఇది ఊరికే పడి ఉన్నది కాదు, దీని మీద గొర్రెలు, ఆవులు, గుర్రాలు మేస్తున్నాయి. మా ఊరి రెవెన్యూ లెక్కల్లో "మేత పోరంబోకు" అని ఉండేది చూడండి, నాకు ఎప్పుడూ అదే గుర్తుకొస్తుంది. కొందరు బంచరాయి అనేవారు.

దిక్సూచి | సెప్టెంబరు 15, మధ్యాహ్నం 2.15

పోలిక బాగుంది కానీ పోరంబోకు ప్రభుత్వానిది. ఇక్కడ నేలకు యజమానులున్నారు, చాలా భాగం డచీ ఆఫ్ కార్న్‌వాల్ అనే రాజకుటుంబపు ఎస్టేటుది. మేపుకునే హక్కు చుట్టుపక్కల రైతులది. కాలినడకన, గుర్రం మీద తిరిగే హక్కు మనందరిదీ, దానికి 1985 చట్టం ఉంది. గుడారం వేసుకుని రాత్రి నిద్రపోవడం ఆ హక్కులో ఉందా లేదా అని ఒక భూయజమాని కోర్టుకెక్కితే, 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఉందనే తేల్చింది.

తడిసాక్సు | సెప్టెంబరు 15, సాయంత్రం 6.30

పోరంబోకుగా తిరిగే హక్కు మనకుందన్నమాట. ఆ ఒక్కటి తేలితే చాలు.

కొత్తబూట్లు | సెప్టెంబరు 16, రాత్రి 8.02

ఇంకో సందేహం. ఇక్కడ అన్నిటికన్నా ఎత్తయినది హై విల్‌హేస్, 621 మీటర్లని చదివాను. జాబితాలో అది లేదేం?

రాతిగుట్ట | సెప్టెంబరు 16, రాత్రి 8.25

అది ఓక్‌హాంప్టన్ సైనిక కాల్పుల ప్రాంతంలో ఉంది. కాల్పులు జరిగే రోజు పగలు కొండల మీద ఎర్రజెండాలు, రాత్రి ఎర్రదీపాలు పెడతారు. తేదీలు ముందే ప్రకటిస్తారు, ఖాళీ రోజు చూసుకుని వెళ్లవచ్చు. ఇరవైమందిని వెంటేసుకుని, అందులో సగంమందికి సెలవు ఆఖరి నిమిషంలో రద్దయ్యే ఉద్యోగాలు, ఆ లెక్కలు నావల్ల కాదు. మన నడకలన్నీ తూర్పు వైపే. ఇంకొక మాట. ఏ వైపు వెళ్లినా నేలమీద ఇనుపముక్క ఏదైనా కనిపిస్తే ముట్టుకోవద్దు.

పిల్లలతల్లి | సెప్టెంబరు 28, ఆదివారం, ఉదయం 10.15

నిన్నటి నడక మా పిల్లలకు బాగా నచ్చింది. రాతిపట్టాల గురించి వాళ్లే ఇంట్లో అందరికీ పాఠం చెబుతున్నారు. రాని వారి కోసం చెబుతాను. 1820లో గ్రానైట్ దింపడానికి వేసిన బండిదారి అది. ఇనుము కాదు, పట్టాలు కూడా గ్రానైటే. రాతిదిమ్మెలకు ఒక అంచున గాడి చెక్కి వరసగా పరిచారు. అందులో బండిచక్రం ఇమిడేది, ముందూ వెనకా గుర్రాలు. ఈ రాయే లండన్ బ్రిడ్జికి వెళ్లిందట. ఆ వంతెనను తర్వాత అమెరికా వాళ్లు కొనుక్కుని అరిజోనాకు పట్టుకుపోయారు! అక్కడున్న మా తమ్ముడికి వెంటనే ఫోన్ చేసి చెప్పాను, "మీ ఊళ్లో ఉన్నది మా ఊరి రాయిరా" అని.

హెదర్ అనే పొద పువ్వు అయిపోవచ్చింది, ఊదారంగు ఎండి ఇటుకరంగులోకి మారుతోంది. ఫెర్న్ దుబ్బులు మాత్రం రాగిరేకుల్లా ఉన్నాయి.

కందిపొడి | సెప్టెంబరు 28, మధ్యాహ్నం 12.20

ఆ రాగిరేకుల్లోంచి నడిచినవాళ్లంతా ఇళ్లకు వెళ్లాక కాళ్లు, మోకాళ్ల వెనక, నడుం మడతలు చూసుకున్నారా? పిడుదులు ఇంకా ఉన్నాయి. నా పిక్క మీద ఒకటి, ఆవగింజంత. వేళ్లతో నలపకండి, సన్నమూతి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా పైకి లాగండి. తర్వాతి వారాల్లో కుట్టిన చోట చుట్టూ ఎర్రగా వలయంలా వ్యాపిస్తే డాక్టరు దగ్గరకు వెళ్లండి. నూనె, కిరోసిన్, అమ్మమ్మ చిట్కాలు వద్దు.

యార్క్‌షైర్ మామయ్య | సెప్టెంబరు 29, రాత్రి 10.40

మీ దక్షిణాది మూర్ కూడా ఒక మూరేనా? ఇక్కడ ఉత్తరాన మా ఇల్క్‌లీ మూర్ మీద వేల ఏళ్ల కిందట రాతిపై చెక్కిన స్వస్తికం ఉంది. లీడ్స్‌లో రైలెక్కితే అరగంట.

తడిసాక్సు | సెప్టెంబరు 29, రాత్రి 10.52

మామయ్యగారూ, మీరు ఏటా ఈ మాట అంటారు, ఏటా మేం పిలుస్తాం, ఏటా మీరు రారు.

కందిపొడి | అక్టోబరు 12, ఆదివారం, ఉదయం 11.00

నిన్న గ్రిమ్స్‌పౌండ్ లోపల కూర్చుని పులిహోర తిన్నాం. చుట్టూ రాతిగోడ, లోపల ఇరవై నాలుగు గుండ్రటి ఇళ్ల పునాదులు, అన్నీ కంచుయుగం నాటివి. ఒక ఇంటి వాకిలి దగ్గర రెండు నిలువురాళ్లు అలాగే ఉన్నాయి. వాకిలి ముందు గాలి తగలకుండా గోడను కొంచెం వంచి కట్టుకున్నారు. ఆ వంపులో కూర్చుంటే నిజంగానే గాలి తగలలేదు. మూడు వేల ఏళ్ల కిందటి ఇల్లాలు ఎవరో గట్టిగా అడిగి కట్టించుకుని ఉంటుంది.

దిగేటప్పుడు రోడ్డు దగ్గర ఆగిపోయాం. గుర్రాలను తోలుకొస్తున్నారు. ఏడాదంతా మూర్ మీద వదిలేసిన పొట్టిగుర్రాలను శరత్కాలంలో ఒకసారి రైతులందరూ కలిసి దించుతారు, డ్రిఫ్ట్ అంటారు దాన్ని. చూడటానికి అడవి గుర్రాల్లా ఉంటాయి కానీ ప్రతిదానికీ యజమాని ఉన్నాడు. కొందరు గుర్రాల మీద, కొందరు నాలుగు చక్రాల బండ్ల మీద వెనక నుంచి అదిలిస్తున్నారు. ముప్పై నలభై ఉంటాయి, మా ముందు నుంచే వెళ్లాయి. ఒంటిమీంచి ఆవిరి, జూలులో ఫెర్న్ ముక్కలు. ఒక పిల్లగుర్రం మమ్మల్ని చూసి ఆగిపోయింది. తల్లి వెనక్కి వచ్చి మెడతో దాన్ని నెట్టింది.

తడిసాక్సు | అక్టోబరు 12, మధ్యాహ్నం 12.10

నా సంగతి రాయలేదని సంతోషిస్తున్నాను.

కందిపొడి | అక్టోబరు 12, మధ్యాహ్నం 12.14

మీరే రాస్తారని వదిలేశాను.

తడిసాక్సు | అక్టోబరు 12, మధ్యాహ్నం 12.45

సరే. గోధుమరంగు గడ్డి మధ్య ఒకచోట చక్కటి లేతపచ్చ, వరినారుమడిలా ఉంది. గోదావరి జిల్లా కళ్లు కదా, ఆగలేదు. దగ్గరకు వెళ్లి ఒక కాలు మోపాను. మోకాలిదాకా లోపలికి పోయింది. కాలు వచ్చింది, బూటు రాలేదు. దిక్సూచిగారు కర్ర అందించి, "లాగకండి, వెనక్కి వాలండి, బరువు వీపు మీద వేయండి" అని తాపీగా ఉపదేశం చేశారు. ఆ తర్వాత మోచేతిదాకా చెయ్యి పెట్టి బూటు నేనే తీసుకున్నాను. ఎక్కడైతే పచ్చగా, నున్నగా, అందంగా ఉందో అక్కడికి వెళ్లకూడదట. వారెన్ హౌస్ ఇన్‌లో పొయ్యి 1845 నుంచి ఆరలేదని చెబుతారు. దాని ముందు నా సాక్సు గంటసేపు పెట్టినా ఆరలేదు.

మసకవెన్నెల | అక్టోబరు 15, బుధవారం, రాత్రి 9.20

శనివారం రాత్రి నడకకు వచ్చేవారికి ఒక మనవి. తలదీపాలు ఎర్రకాంతిలో పెట్టుకోండి, లేదా ఆర్పేయండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, ఎవరో ఒకరు ఫోన్ వెలిగిస్తే మళ్లీ మొదటికి వస్తుంది. ఉత్తరం వైపు చూస్తే ఒక విశేషం ఉంది. విజయవాడలో ధ్రువనక్షత్రం 16 డిగ్రీల ఎత్తులో, చెట్ల చాటున ఉంటుంది. ఇక్కడ 50 డిగ్రీల పైన, తలెత్తి చూడాలి. ఈ నెలలో సాయంత్రం పూట మన ఊళ్లలో సప్తర్షులు కనిపించవు, దిగువకు వెళ్లిపోతాయి. ఇక్కడ అవి అసలు అస్తమించవు. పెళ్లినాడు అరుంధతిని చూడకుండానే చూశామని తల ఊపినవారు ఇప్పుడు నిజంగా చూడవచ్చు.

పిల్లలతల్లి | అక్టోబరు 15, రాత్రి 9.41

మా ఆయన తప్పకుండా వస్తారు. ఆ రోజు తల ఊపింది ఆయనే.

రాతిగుట్ట | అక్టోబరు 19, ఆదివారం, ఉదయం 8.30

నిన్న రాత్రి జరిగినది దాచకుండా రాస్తాను, తప్పు నాదే కాబట్టి.

కారు పార్కు దగ్గర లెక్కపెట్టాం, పద్నాలుగు మంది. హేటోర్ దాటి పట్టాల దారిలో దిగాక అందరం దీపాలు ఆర్పేశాం. నక్షత్రాలు చూస్తూ, పైకి మాటల్లేకుండా, కాళ్లకు గాడి తగులుతూ నడిచాం. క్వారీ దగ్గర మళ్లీ లెక్కపెడితే పదమూడు. ఇంకోసారి లెక్కపెట్టినా పదమూడే. అందరికన్నా వెనక నడవడానికి ఒక మనిషిని పెట్టాలన్నది ఏళ్ల తరబడి నేనే అందరికీ చెబుతున్న సూత్రం. నిన్న పెట్టలేదు. పరిచయమైన దారే కదా అనుకున్నాను.

పేరు పెట్టి పిలిచాం, గాలి మింగేసింది. ఫోన్ కలవలేదు. విజిల్ ఊదాం. ఇరవై అయిదు నిమిషాలు గడిచాయి. 999కి ఫోన్ చేసి పోలీసుల ద్వారా కొండరక్షక దళాన్ని అడుగుదామని దిక్సూచిగారు చేతిలో ఫోన్ పట్టుకునే ఉన్నారు.

కొత్తబూట్లు | అక్టోబరు 19, ఉదయం 9.15

ఆ పద్నాలుగోవాణ్ణి నేనే. అందరికీ క్షమాపణ.

బూటుముడి ఊడింది. వంగి కట్టుకుని తలెత్తేసరికి ముందు ఎవరూ లేరు. కంగారు పడలేదు, కాలికింద గాడి ఉంది కదా, దాన్నే పట్టుకుని వెళ్తే వాళ్లు దొరుకుతారనుకున్నాను. నిజానికి చాలా హాయిగా నడిచాను. గాడి తిరిగితే నేనూ తిరిగాను. కొంతసేపటికి గాడి గడ్డిలోకి వెళ్లి మాయమైంది. ముందు రాళ్లకుప్ప, అంతే. దీపం వేస్తే పొగమంచు తెల్లగోడలా ఎదురొచ్చింది, నా చేతులు తప్ప ఏమీ కనబడలేదు. దీపం ఆర్పితే గుండె చప్పుడు వినబడింది. దగ్గరలో ఏదో గట్టిగా ఊపిరి వదిలింది. గుర్రమో ఆవో తెలియదు. నెల్లూరులో అయితే కొరివిదెయ్యం అనేవాణ్ణి.

అప్పుడు సన్నగా విజిల్ వినబడింది. కదలకుండా కూర్చుని నా విజిల్ ఊదాను. అది బూట్ల కొట్టువాళ్లు సంచితోపాటు ఉచితంగా ఇచ్చింది.

దిక్సూచి | అక్టోబరు 19, ఉదయం 10.05

ఎక్కడ పొరబడ్డాడో ఉదయం మ్యాపు ముందేసుకుని చూశాను. ఆ దారికి వేర్వేరు క్వారీలకు చీలికలు ఉన్నాయి. రైలుపట్టాలు మార్చినట్టే రాతిలోనే చీలిక చెక్కారు. మనం సూటిగా వెళ్లాం, ఇతని కాలికి పక్క గాడి తగిలింది, రెండువందల ఏళ్ల కిందటి బండిలాగా అటు మళ్లాడు. దొరికినచోటు మాకు అరకిలోమీటరు కూడా లేదు. అతను చేసిన మంచిపని ఒక్కటే, కదలకుండా కూర్చోవడం.

అందరికీ మళ్లీ చెబుతున్నాను. సాయం కావాలంటే నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరు. విన్నవారి జవాబు మూడు. నిన్న మనవాళ్లు తలా ఒక రకంగా ఊదారు. తిరునాళ్లలో బూరల్లా ఉంది.

మసకవెన్నెల | అక్టోబరు 19, ఉదయం 10.30

దీపాలు ఆర్పమన్నది నేను. నాకూ వాటా ఉంది.

డెవన్ పల్లెల్లో ఇలా దారి తప్పడాన్ని పిక్సీలు తిప్పడం అంటారు. అవి గట్టుదెయ్యాల వంటి చిన్న ప్రాణులు. విరుగుడు ఏమిటంటే కోటు విప్పి, తిరగేసి తొడుక్కోవాలట.

కందిపొడి | అక్టోబరు 19, ఉదయం 11.10

విరుగుడు మంచిదే. కోటు విప్పి తిరగేసేంతసేపు మనిషి ఒకచోట నిలబడతాడు కదా. ఈసారి నుంచి వెనక నేను నడుస్తాను. ఎర్రదీపం వీపుకు కట్టుకుంటాను. ముడి కట్టుకునేవాళ్లు, ఫొటో తీసేవాళ్లు, అవసరాలకు పక్కకు వెళ్లేవాళ్లు నాకు చెప్పి ఆగాలి. నన్ను దాటి వెనక ఎవరూ ఉండకూడదు.

పిల్లలతల్లి | అక్టోబరు 27, సోమవారం, రాత్రి 7.50

నిన్నటితో గడియారాలు వెనక్కి జరిగాయి, అయిదు దాటితే చీకటే. పౌర్ణమి నడక గురించి ఒక మాట. మా అత్తగారు భీమవరం నుంచి వచ్చి ఉన్నారు. ఆ రోజు 365 వత్తుల దీపం పెట్టడం ఆవిడకు నలభై ఏళ్ల ఆనవాయితీ. హేటోర్ కింద రాతిమీద, గాలి తగలని చోట, చిన్న మూకుడులో వెలిగిద్దామా? పది నిమిషాల పని.

రాతిగుట్ట | అక్టోబరు 27, రాత్రి 8.10

కుదరదమ్మా. మూర్ మీద నిప్పు నిషేధం, అది నియమావళిలోనే ఉంది.

తడిసాక్సు | అక్టోబరు 27, రాత్రి 8.22

నేల అంతా నీళ్లే. అక్కడ అంటుకునేది ఏముంది? నా సాక్సు పొయ్యి ముందు పెట్టినా అంటుకోలేదు.

రాతిగుట్ట | అక్టోబరు 27, రాత్రి 8.45

నేల తడిసే ఉంటుంది, పైన గడ్డి ఎండుటాకే. వేడికి గ్రానైట్ పెచ్చులూడుతుంది కూడా, పాత మంటల మచ్చలు టోర్ల కింద ఎన్నిచోట్ల లేవు! నేతిదీపం వేరు, కొవ్వొత్తి వేరు, మాంసం కాల్చుకునే పొయ్యి వేరు అని మనం వాదించవచ్చు. ఎవరి వాదన వారికి ఉంటుంది. వేల గొర్రెల మేత అది, మనం నడిచి వచ్చేవాళ్లం.

పిల్లలతల్లి | అక్టోబరు 27, రాత్రి 9.30

అత్తగారికి చదివి వినిపించాను. "మేత పోరంబోకులో ఎవరైనా నిప్పు పెడతారా?" అని నన్నే మందలించారు. దీపం ఇంట్లో పెట్టి వస్తారట. నడకకు ఆవిడ కూడా వస్తారట! ఇప్పుడు నా బెంగ అది.

మసకవెన్నెల | నవంబరు 6, గురువారం, ఉదయం 7.05

నిన్న మబ్బులు. ఏడింటిదాకా చంద్రుడు ఉన్నట్టు తెల్లటి మరక తప్ప ఏమీ లేదు. ఇంగ్లండులో నవంబరు 5 అంటే బాణసంచా రాత్రి, ఆ సంగతి నేను మరిచేపోయాను. హేటోర్ పక్కకు ఎక్కి తూర్పుకు చూస్తే కిందంతా, న్యూటన్ ఆబట్ నుంచి సముద్రం దాకా, ఆవాలు చిటపటలాడినట్టు నిప్పురవ్వలు. చప్పుడు మాత్రం మాదాకా రాలేదు.

మబ్బు ఒక పది నిమిషాలు విడింది. గడ్డి తెల్లబడింది, ప్రతి రాయికీ నీడ వచ్చింది. చంద్రుడికి ఎడమగా, కాస్త కింద, చాచిన చేతికి జానెడు లోపు దూరంలో కృత్తికలు మసగ్గా కనబడ్డాయి. అందుకే ఈ నెలకు ఆ పేరు అని చెప్పబోయాను. పెద్దావిడ అప్పటికే పిల్లలకు చెబుతున్నారు, "ఆరుగురు తల్లులు, లెక్కపెట్టండి" అని.

కందిపొడి | నవంబరు 6, ఉదయం 7.40

చివరి మనిషిగా నా నివేదిక. పదహారు మంది వెళ్లాం, పదహారు మంది వచ్చాం. పెద్దావిడ చీర మీద అబ్బాయి వాన కోటు, కాళ్లకు మనవరాలి బూట్లు, చేతిలో నా కర్ర. ఎక్కడా ఆగలేదు. తొందరపెడుతున్నది నేనే అనుకుని, "అమ్మాయీ, నీకు ఆయాసం వస్తోంది, నిదానంగా రా" అన్నారు. తిరుగుదారిలో కార్లు నడిపినవాళ్లు గంటకు నలభై మైళ్ల వేగపరిమితికి లోపే వచ్చారు కాబట్టి సరిపోయింది. మలుపులో రోడ్డు మీద ఆవు పడుకుని ఉంది.

యార్క్‌షైర్ మామయ్య | నవంబరు 6, ఉదయం 9.00

9వ తేదీ వనభోజనానికి వస్తున్నాను. రైలు టికెట్టు కొన్నాను. ఉసిరిచెట్టు ఎక్కడుంది?

తడిసాక్సు | నవంబరు 6, ఉదయం 9.03

నమ్మను. టికెట్టు ఫొటో పెట్టండి.

రాతిగుట్ట | నవంబరు 6, ఉదయం 9.40

ఉసిరి లేదు, రోవన్ చెట్టు ఒకటుంది. కాయలు ఎర్రగా ఉంటాయి, పిట్టలు ఈపాటికి ఎన్ని మిగిల్చాయో. దాని కింద కూర్చుందాం. పొయ్యి లేదు కాబట్టి అన్నీ ఇళ్ల దగ్గరే వండుకుని రండి. మిగిలింది గుర్రాలకు పెట్టకూడదు, అది కూడా నిషేధమే. మామయ్యగారిని ఎక్సెటర్ సెయింట్ డేవిడ్స్ స్టేషన్‌లో ఎవరు ఎక్కించుకుంటారో చెప్పండి.

కొత్తబూట్లు | నవంబరు 6, ఉదయం 10.12

నేను ఎక్కించుకుంటాను. నిన్న నా కారులో ఒక ఫ్లాస్కు మూత, ఒక చేతి ఊలు తొడుగు, పెద్దావిడ కుంకుమభరిణె ఉండిపోయాయి. మూత ఎవరిది?

కందిపొడి | నవంబరు 6, ఉదయం 10.20

మూత నాది. తొడుగు ఎవరిదో గానీ కుడిచేతిదైతే అది కూడా నాదే.